ఉంగరపువేలి అతుకు

పోయిన వారం పళనిని తిరువళ్ళూరులో రథం నిలిపే తేరడి వెనక సందులో, చెల్లెలి తలుపు ముందు, తట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే వదిలేసి వచ్చాం. వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు పాపం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆ తలుపు తీయిద్దాం.

తిరుత్తణి నేతవీధి పళనికి డెబ్బై ఏళ్ళు. మగ్గం దిగి పన్నెండేళ్ళయింది గానీ సినిమా పిచ్చి మాత్రం దిగలేదు. మనవరాలు నివేద ప్రతి ఆదివారం ఫోను ముందు కూర్చోబెడితే చాలు, పాత సినిమాల మీద తోచింది తోచినట్టు దంచేస్తాడు. శ్రీకరరావు పొలం దున్నుతూ కూడా పంచె మడత నలగనివ్వడనీ, అది నటన కాదు, ఇస్త్రీ పెట్టెకు చేసే ప్రచారమనీ అంటాడు. పరాంకుశం విలనీ చేస్తే అరవడనీ, గొంతు తగ్గిస్తాడనీ, అందుకే హాల్లో చంటిపిల్లలు ఏడుపు లంకించుకునేవాళ్ళనీ అంటాడు. ఆ నోటి దురుసు వినడానికే 'పళని పాత టాకీసు'కు పదహారు వేలమంది చేరారు. అలాంటివాడు పోయిన ఆదివారం 'పసుపు పోగు' సినిమాలో నాయిక హేమాంబుజం మగ్గం సీను చూపిస్తూ, బొమ్మ ఆపించి, చేతులు పెద్దవి చేయించి, "ఇవి హేమాంబుజం చేతులు కావు!" అని లైవులో అరిచాడు. అరిచాక గానీ తానేమన్నాడో తనకే తెలియలేదు.

ఆ చేతులు తెగిన పోగును ఉంగరపువేలితో అతికాయి మరి. నేతగాడన్నవాడెవడైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురిపెట్టి అతుకుతాడు. పళని తండ్రి రత్నస్వామికి చిన్నతనంలోనే చూపుడువేలి కొస పోయింది. అందుకని ఉంగరపువేలితో అతకడం నేర్చుకున్నాడు, బిడ్డలిద్దరికీ అదే నేర్పాడు. వీధి వీధంతా ఎగతాళి చేసిన అతుకు అది. కాబట్టి తెరమీది చేతులు ముగ్గురిలో ఒకరివి కావాలి. తండ్రివి కావు. తనవి కావు. మిగిలింది చెల్లెలు సరసమ్మ.

పెళ్ళి కుదిరాక ఎనిమిది రోజులు కనబడకుండా పోయి తిరిగొచ్చిన సరసమ్మ. "ఎవుడితోనో పోయింది, దాని పేరెత్తితే నువ్వు నా కొడుకువు కావు" అని తండ్రి చెప్పిన సరసమ్మ. ఆ మాటకు కట్టుబడి పళని నలభై ఆరేళ్ళుగా పలకరించని సరసమ్మ.

ఈలోపు హేమాంబుజం అభిమాన మన్రం తలైవర్, అంటే అభిమాన సంఘం అధ్యక్షుడు, నటరాజ్ లైవు కింద అందరికీ కనబడేలా కబురు పెట్టాడు. ఆదివారం నాలుగింటికి తిరువళ్ళూరు కల్యాణ మండపంలో ఆమె స్మారక సభ. వచ్చి ఆ చేతులు ఎవరివో పేరుపెట్టి చెప్పాలి, లేదా స్టేజి మీద అందరి ముందూ మన్నిప్పు, అంటే క్షమాపణ, అడగాలి. ఈరోజే ఆదివారం. టైము పన్నెండున్నర. ఇక తలుపు.

తట్టకుండానే తెరుచుకుంది.

సరసమ్మ గడప లోపల నిలబడి ఉంది. భుజం మీద ఎవరిదో పట్టుచీర, కొంగుకు కుచ్చులు సగం కట్టి ఉన్నాయి. జుట్టు మొత్తం తెల్లబడింది. ముఖంలో మాత్రం అచ్చం అమ్మ.  లైవులో గంటన్నర ఆపకుండా మాట్లాడే పళని, ఒక్క పేరు పలకడానికి తడుముకున్నాడు.

"సరసా."

"ఎంతసేపని నిలబడి ఉంటావు? కిటికీలోంచి చూస్తానే ఉండా. లోపలికి రా. ఆ కుర్చీలో చీర ఉండాది, దాని మీద కూసోవద్దు, రేప్పొద్దున ఇయ్యాల."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు పళని. నివేద వెనకనుంచి ముందుకొచ్చి, "అవ్వా, నేను..." అనబోయింది.

"తెలుసులేమ్మా, నివేదవు. మా అన్న కొడుకు నందకుమార్ కూతురివి. ఫోను పట్టుకునేది నువ్వే గదా. మొన్న చెయ్యి ఆడించేస్తివి, బొమ్మంతా వణికిపాయె."

పళని తలెత్తాడు. "నువ్వు చూస్తావా?"

"మొదటి ఆదివారం నుంచీ. నాతో మాట్లాడకపోతే పోయినావు, ఫోన్లో మాట్లాడతా ఉండావు గదా అని చూస్తా." ఆమె కింద చాప మీద కూర్చుని కుచ్చుల పని మళ్ళీ అందుకుంది. "నువ్వు చెప్పేదాంట్లో సగం తప్పే. శ్రీకరరావును పంచె మడత నలగదని ఎన్నిసార్లు ఎగతాళి చేసినావు! ఆ మనిషికి కుడి మోకాలు వంగదన్నా. గుర్రం మీదనుంచి పడినాడు. వంగితే ప్రాణం పోయేంత నొప్పి. నిటారుగా నిలబడితే నీకు అది పొగరు, ఆయనకు బాధ."

ఇంకెవరైనా తన మాటను అలా కొట్టేస్తే పళని గంటసేపు వాదించేవాడు. ఇప్పుడు చదివిన పత్రికలన్నీ మనసులో తిరగేశాడు. శ్రీకరరావు మోకాలి సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. వచ్చి ఉంటే తను చదివి ఉండేవాడు. తను చదవని సినిమా పత్రిక ఈ జిల్లాలో లేదు.

"నీకెట్ల తెలుసు?"

"కండ్లతో చూసినా కాబట్టి తెలుసు. టేకు అయినాక ఇద్దరు మనుషులు పట్టుకుని కూసోబెడతారు. నాకు మూడడుగుల దూరంలో." కుచ్చు ముడి బిగించి పళ్ళతో దారం తెంపింది. "నువ్వు అడగను వచ్చింది అదే గదా? అవును. అవి నా చేతులే."

నివేద "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పళని చాప అంచున అలాగే కూలబడ్డాడు. 'పసుపు పోగు'ను అది వచ్చిన ఏడు పదకొండుసార్లు చూశాడు. మొగుడు పోయాడన్న కబురు చెవిన పడుతుండగా పోగు తెగుతుంది. ఆమె మగ్గం దిగదు. కళ్ళు నిండిపోయి ఏమీ కనబడకపోయినా వేళ్ళు వాటంతట అవే పోగును వెతికి పట్టుకుని అతుకుతాయి. ఆ చేతుల గురించి నలభై ఆరేళ్ళు ఎంత చెప్పాడు! పెళ్ళిళ్ళలో చెప్పాడు, చావుల్లో చెప్పాడు, 'నటించేది ముఖం కాదురా, చేతులు' అని మగ్గం పక్కన కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. ఆ చేతుల మనిషి నాన్న చనిపోయిన రోజు వీధి మొగలో నిలబడితే చూసి కూడా మొహం తిప్పుకున్నాడు. తెరమీద మణికట్ల నిండా గాజులూ, వేళ్ళ కొసల దాకా గోరింటాకూ వేస్తే గుర్తుపట్టలేకపోయాడు, సరే. వీధి మొగలో ఏ గోరింటాకు అడ్డమొచ్చింది?

"నాకు చెప్పి ఉండచ్చు గదా సరసా! ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నాతో మాట్లాడితే గదన్నా చెప్పేది!"

ఇప్పుడు అరిచింది. చీర ఒళ్ళోంచి జారిపోయింది.

"ఊర్లో ఉన్నన్నాళ్ళూ నేను నీళ్ళకు వస్తే నువ్వు బిందె పట్టుకుని వెనక్కి పోయినావు. పెళ్ళికొడుకు వాళ్ళు తాంబూలాలు వెనక్కి తెచ్చి మన తిన్నె మీద పెట్టిపోయిన రోజు నువ్వు లోపల కూసోని పేపర్ చదువుకుంటివి. ఏ పేజీనో కూడా నాకు తెలుసు. సినిమా పేజీ. ఈపొద్దు వచ్చినావు. నాకోసరం వచ్చినావా? సత్తియమా చెప్పు. ఆ నటరాజ్ నిన్ను అందరి ముందర నిలబెడతాడని గదా వచ్చినావు?"

"అవును," అన్నాడు పళని. అబద్ధం ఆడటానికి ఓపిక లేదు. "అందుకే బయలుదేరినా. రైల్లో కూసున్నాక మాత్రం సభ గుర్తుకు రాలేదు. తలుపు తీస్తే నువ్వు నన్ను ఏమని పిలుస్తావో, అసలు పిలుస్తావో లేదో అని అదే భయం. 'అన్నా' అని పిలిచినావు. అది చాలు నాకు. సభకు పోయి మన్నిప్పు అడిగేస్తా. నాకు మానం పోతే పోనీ. నీ పేరు నేను ఎత్తను."

 సరసమ్మ చీర తీసి మడిచింది. నివేద లేచి కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఇద్దరికీ ఇచ్చింది. సందులో గ్యాసు బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఎవురు పిలిచినారు నిన్ను?" నెమ్మదిగా అడిగాడు పళని. "మద్రాసులో స్టూడియో. తిరుత్తణి దాటని పిల్లవు. నీ పేరు వాళ్ళకు ఎట్ల తెలిసె? నేనేమో అప్పుడు సేలం ఎగ్జిబిషన్‌కు పోయి ఉంటిని. ఎవుడు వాడు, మనింటి దావ చూపించినోడు? వాడు బతికుంటే ఇప్పుడైనా పోయి నిలదీస్తా. వాడివల్లే గదా నీ బతుకు ఇట్ల అయిపోయింది!"

సరసమ్మ అన్న ముఖంలోకి అదోలా చూసింది. జాలిపడుతున్నట్టుంది ఆ చూపు. లేచి, గోడకున్న మురుగన్ పటం వెనక చెయ్యి పెట్టి, పసుపు గుడ్డలో చుట్టిన పోగును అటూ ఇటూ నడిపే మగ్గం నాడె ఒకటి తీసింది. నాడెతోపాటు మడతలు పడ్డ పోస్టుకార్డు.

"ఆదివారం ఆదివారం ఒక మాట అంటావే, 'పెద్ద పెద్ద డైరెక్టర్లకు నూరు కార్డులు రాసినా, ఒక్కడూ జవాబు ఇయ్యలే' అని. ఇచ్చినారన్నా. ఒకాయన ఇచ్చినాడు. జవాబు రాయలేదు, ఈ కార్డు ఇచ్చి మనిషినే పంపినాడు. కార్డు నా దగ్గరే ఉండిపాయె."

కార్డు అతని చేతికిచ్చింది. ఇస్తూనే అడ్రసు ఉన్న పక్కను బొటనవేలితో కప్పిపెట్టి, రాత ఉన్న పక్కనే పైకి తిప్పింది. నివేద తొంగిచూసి, "నాకు తెలుగు చదవడం రాదు తాతా, మీరే చదవండి," అంది.

చదవనక్కరలేదు. దస్తూరి చూడగానే పళని గుర్తుపట్టాడు. ఇరవై నాలుగేళ్ళ పళని, కాలరు పైకెత్తుకుని తిరిగిన పళని, ప్రపంచంలో తనకు తెలియనిది లేదనుకున్న పళని రాసిన కార్డు అది.

'మహారాజశ్రీ డైరెక్టరు గారికి, తిరుత్తణి నేతవీధి పళని నమస్కరించి వ్రాయునది. తమరు నేతపని మీద చిత్రం తీయబోవుచున్నట్లు పత్రికలో చదివితిని. పోయిన చిత్రంలో తమరి నాయిక మగ్గం ముందు కూర్చుని వీణ వాయించినట్లు నేసినది. మా వీధివారందరు పొట్ట చెక్కలగునట్లు నవ్విరి. మా చెల్లెలు సరస నేయుట చూచినచో తమరి నాయికలు సిగ్గుపడుదురు. నమ్మకము లేనియెడల వచ్చి చూచుకొనవచ్చును.'

"వచ్చి చూసుకున్నారు," అంది సరసమ్మ. "నేను పోగు అతకడం చూసి ఆ మనిషి 'ఈ చేతులే కావాల' అన్నాడు. ఒక రోజు అన్నారు. హేమాంబుజమ్మకు జ్వరం వచ్చె, ఎనిమిది రోజులాయె. ఆయమ్మ నన్ను తన రూములోనే పండబెట్టుకుండె. నా చేతులు చూస్తానే ఏడ్చింది సీనులో. గ్లిజరిన్ వద్దనింది. ఆ ఏడుపు మాత్రం ఆయమ్మదే, దాన్ని ఎవురూ తీసేసుకోకూడదు."

పళని ఆమె మాటలు వింటున్నాడో లేదో. "నేనే," అన్నాడు. "ఎవుడు వాడంటే నేనే. సరసా, నా నోటి తీట నీ బతుకు తినేసిందే!" అని రెండు చేతులతో తల బాదుకోబోతే ఆమె చేతులు పట్టుకుంది. నలభై ఆరేళ్ళ తర్వాత చెల్లెలి చేతులు. అవి ఇంకా గట్టిగానే ఉన్నాయి.

"ఏడ్చింది చాలు. నాలుగింటికి సభ. నేను వస్తా. మగ్గం లేకపోతే ఏమి, పోగు ఉంటే చాలు, అతికి చూపిస్తా. నన్ను లేచిపోయినదనిన ఊరు ఈపొద్దు నీ ఫోనులో చూడనీ. ఒకటే మాట. ముందు నువ్వు ఈ కార్డు చదవాల, మైకులో, నీ నోటితో."

"చదువుతా."

"రాసిన పక్కే. అడ్రసు పక్క ఎవురికీ చూపించొద్దు. నువ్వూ చూడొద్దు. నా మీద ఆన."

ఎందుకని అడగలేదు పళని. చనిపోయిన డైరెక్టరు పేరు బజారున పడకూడదని కాబోలు అనుకున్నాడు. ఆ క్షణంలో ఆమె బావిలో దూకమన్నా దూకేవాడు.

*

మండపం నిండిపోయింది. స్టేజి మీద హేమాంబుజం ఫోటోకు మల్లెల దండ, పక్కన తెరమీద ఆపి ఉంచిన మగ్గం సీను. మొదటి వరసలో సరసమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. నివేద ఫోను పట్టుకుని లైవు మొదలుపెట్టింది. పొద్దునుంచే కబురు పాకినట్టుంది, నేతవీధి వాళ్ళే మూడువందలమంది చూస్తున్నారని వేళ్ళు చూపి సైగ చేసింది.

నటరాజ్ చెడ్డవాడు కాదు. హేమాంబుజం పోయిన రోజు గుండు చేయించుకున్న మనిషి. అతను మైకు పట్టుకున్నాడు. "ఐయా, ఆ సీను కోసరం అమ్మ ఆరు నెలలు నేత నేర్చుకున్నానని అవార్డు సభలో చెప్పినారు. మీరు అమ్మను అబద్ధాలకోరు అంటా ఉండారు. పేరు చెప్పండి, లేదంటే ఆ ఫోటో కాళ్ళు పట్టుకోండి."

పళని మైకు అందుకున్నాడు.

"తంబీ, ఆ ముఖానికి నేను ఇప్పుడూ దండం పెడతా. ఆ ఏడుపు ఆయమ్మదే. ఆయమ్మ మాదిరి ఏడ్చేవాళ్ళు ముందరా లేరు, వెనకా రాలేదు. మిగతావాళ్ళు ఏడిస్తే కాటుక కారుతుంది, ఈయమ్మ ఏడిస్తే హాలు కారుతుంది. చేతులు మాత్రం నా చెల్లెలివి. ఇదో, ఇక్కడే కూసోని ఉండాది. సరసమ్మ."

హాల్లో గుసగుసలు రేగాయి. పళని కార్డు తీసి చదివాడు. 'తమరి నాయికలు సిగ్గుపడుదురు' దగ్గర ఎవరో నవ్వారు. 'వచ్చి చూచుకొనవచ్చును' దగ్గర అతని మాట తెగింది, ఇక ఎవరూ నవ్వలేదు. "ఆ ఎనిమిది రోజులు నా చెల్లెలు పోయింది స్టూడియోకు," అన్నాడు. "దావ చూపించింది నేను. మాట పడింది అది. నేతవీధిలో ఈ బొమ్మ చూస్తా ఉండే అందరికీ చెప్తా ఉండా."

సరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  అప్పుడు వెనక వరసలోంచి ఎవడో లేచాడు.

"కార్డు నిన్న రాసి టీ నీళ్ళలో ముంచి తెచ్చినా ఎవురికి తెలుసు? తిప్పమను తలైవరే! పోస్టాఫీసు ముద్ర ఉంటుంది గదా, తేదీ చూపించమను!"

"న్యాయమే గదా ఐయా," అన్నాడు నటరాజ్. "ముద్ర ఒకటి చూపించండి, నేనే ఈ సరసమ్మ గారి కాళ్ళకు దండం పెట్టి ఇంటికి పోతా."

పళని చెల్లెలి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపుతోంది. ముద్ర చూపకపోతే కార్డు దొంగదవుతుంది. కార్డు దొంగదైతే మూడువందలమంది ముందు సరసమ్మ మళ్ళీ లేచిపోయినదే అవుతుంది, ఈసారి అన్న నోటితోనే. ఆన పెట్టింది నిజమే. నీ పేరు కోసమే తిప్పుతున్నా, క్షమించు తల్లీ, అనుకున్నాడు.

"వద్దన్నా! ఆ పక్క వద్దు!" సరసమ్మ కుర్చీ తోసుకుని లేచింది.

అప్పటికే తిప్పేశాడు.

ముద్ర ఉంది. తేదీ ఉంది, సంవత్సరం ఉంది, స్పష్టంగా. దాని కింద, అడ్రసుకూ అంచుకూ మధ్య ఇరుకులో, ఊదారంగు అక్షరాలు రెండు వరసలు. నాలికతో తడిపి రాసే ఆ ఊదా పెన్సిలు నేతవీధి మొత్తానికి ఒక్కరి చెవి మీదే ఉండేది. నేసిన ప్రతి చీర మూట మీదా అదే రంగులో, అదే వంకర 'ర'తో పేరు ఉండేది. పళని కళ్ళజోడు సర్దుకుని, పెదవులు కదలకుండా, లోపల్లోపలే చదువుకున్నాడు.

'నా బిడ్డను నా ఇష్టప్రకారం నేనే పంపిస్తా ఉండాను. రత్నస్వామి.'

ఎవడితోనో పోయిందని చెప్పింది ఈ రత్నస్వామే. మొహం చూడవద్దని ఒట్టు వేయించుకున్నదీ, తాంబూలాలు తిరిగొచ్చిన రోజు నోరు విప్పకుండా తిన్నె మీద కూర్చున్నదీ ఈ రత్నస్వామే. పళని పూజగదిలో ఈ ఉదయం కూడా దండం పెట్టుకుని బయలుదేరింది ఈ తండ్రి పటానికే.

"ఏమి రాసి ఉండాది ఐయా?" నటరాజ్ మైకును అతని నోటి దగ్గరికి జరిపాడు. "గట్టిగా చదవండి, అందరికీ వినపడాల."

కింద సరసమ్మ రెండు చేతులూ జోడించి, చదవొద్దని అన్నను బతిమాలుతోంది. తెరమీద అవే చేతులు, తెగిన పోగును పట్టుకుని ఆగి ఉన్నాయి. పళని ఒకసారి ఆ చేతుల్ని, ఒకసారి ఈ చేతుల్ని చూశాడు. గొంతు సవరించుకుని మైకు పట్టుకున్నాడు.

"నా బిడ్డను..." అన్నాడు.